బ్రాడీపేటలో జీన్లు, ప్రోటీన్ల వారాంతపు క్లాసు: ఒక బైపీసీ అమ్మాయి తండ్రిగా నా రివ్యూ

గుంటూరులో ఇంటర్ బైపీసీ పిల్లలకి ట్యూషన్లకి కొదవ లేదు. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో ఎటు తిరిగినా ఏదో ఒక బోర్డు కనపడుతుంది. నేను రాస్తున్నది బోర్డే లేని ఒక క్లాసు గురించి. బ్రాడీపేటలో ఒక ఇంటి మేడ మీద, రిటైరైన జువాలజీ లెక్చరర్ మేడం ఒకావిడ శని, ఆదివారాల్లో జెనెటిక్స్, ప్రోటీన్లు ఈ రెండే చెప్తారు, ఇంకేమీ చెప్పరు. పేరు, ఫోన్ నంబరు నెట్‌లో పెట్టొద్దని ఆవిడే అడిగారు కాబట్టి పెట్టడం లేదు, ఆ చుట్టుపక్కల పాత పుస్తకాల షాపుల్లో అడిగితే ఇల్లు చూపిస్తారు. మా అమ్మాయి ఒక బ్యాచ్ పూర్తిగా చేసింది. తల్లిదండ్రులు వచ్చి కూర్చోవచ్చు అన్నారని నేను పనిచేసే మిర్చి యార్డు సెలవున్న రోజుల్లో నేనూ వెళ్ళి వెనక కూర్చునేవాణ్ణి. ముందే చెప్పేస్తున్నా, మీ పిల్లలకి జెనెటిక్స్ అర్థం కావాలి అనుకుంటే కళ్ళు మూసుకుని పంపండి, నీట్ బిట్లు వందలకొద్దీ ప్రాక్టీస్ చేయించాలి అనుకుంటే మాత్రం ఇది ఆ చోటు కాదు.

అసలు ఇబ్బంది ఎక్కడుందంటే, మన పిల్లలకి ప్రోటీన్లు ఫస్టియర్‌లో బయోమాలిక్యూల్స్ అనే చాప్టర్‌లో వచ్చిపోతాయి. బఠానీ మొక్కలతో వంశపారంపర్యం లెక్కలు తేల్చిన మెండల్, డీఎన్ఏ సెకండియర్‌లో వస్తాయి. ప్రోటీన్ గొలుసులో పూసల్లాంటి అమైనో ఆమ్లాలు మళ్ళీ కెమిస్ట్రీ సార్ దగ్గర ఇంకో పద్ధతిలో వస్తాయి. మూడు చోట్ల మూడు ముక్కలు, ఆ మూడూ ఒకటే కథ అని చెప్పే మనిషి ఎవరూ లేరు. మా అమ్మాయి కోడాన్లు, అంటే ఒక్కో అమైనో ఆమ్లానికి గుర్తుగా ఉండే మూడేసి అక్షరాల మాటలు, ఏయూజీ అంటే మెథియోనిన్, యూఏఏ, యూఏజీ, యూజీఏ స్టాప్ అని నిద్రలో లేపి అడిగినా చెప్పేది. అదే పిల్లని మేడం మొదటి రోజు, "మెండల్ బఠానీలో కొన్ని గింజలు ముడతలు ఎందుకు పడ్డాయమ్మా?" అని అడిగితే, "రెసెసివ్ కాబట్టి మేడం" అంది. క్లాసులో మిగతా పిల్లలు కూడా అదే అన్నారు. రెసెసివ్ అంటే అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన రెండు జీన్ కాపీలూ అదే రకమైతేనే పైకి కనపడేది. "అది పేరు నాన్నా, కారణం కాదు. ముడత ఎవరు వేశారు?" అన్నారు ఆవిడ. ఆ ప్రశ్న మీదే మొదటి వారం అంతా నడిచింది.

మెండల్ 1866లో అచ్చు వేసిన లెక్కల్లో గుండ్రటి గింజలు 5,474, ముడతవి 1,850. దాదాపు మూడుకి ఒకటి. ఇది ప్రతి పుస్తకంలో ఉంటుంది. ఆ ముడత వెనక ఉన్న జీన్, అంటే ప్రోటీన్ తయారీ రాసున్న డీఎన్ఏ ముక్క, ఏమిటో 1990లో ఇంగ్లండ్‌లో పట్టుకున్నారు, అది మాత్రం మన పిల్లలకి ఎవరూ చెప్పరు. బఠానీలో పిండి పదార్థానికి కొమ్మలు కొమ్మలుగా గొలుసులు వేసే ఒక ఎంజైమ్ ఉంటుంది, ఎంజైమ్ అంటే ప్రోటీనే. ముడత గింజలో ఆ ఎంజైమ్ జీన్ మధ్యలో అదనంగా ఒక డీఎన్ఏ ముక్క వచ్చి దూరింది. దానితో ఆ ఎంజైమ్ పనిచేయదు, పిండి సరిగా తయారవదు, చక్కెర మిగిలిపోతుంది, చక్కెర ఎక్కువున్న గింజ నీళ్ళు ఎక్కువ పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండాక ఆ నీళ్ళు పోయి తోలు ముడతపడుతుంది. రెండు కాపీల్లో ఒక్కటి బాగున్నా సరిపడా ఎంజైమ్ వస్తుంది కాబట్టి గింజ గుండ్రంగానే ఉంటుంది, అందుకే గుండ్రం డామినెంట్. ఇది విన్నాక పిల్లల మొహాలు చూడాలి మీరు. డామినెంట్ అంటే బలమైనది, రెసెసివ్ అంటే బలహీనమైనది అని బట్టీ పట్టిన మాట అక్కడే పోయింది.

అయితే అన్ని డామినెంట్లూ ఇలాగే ఉంటాయని పిల్లలు అనుకోకూడదని మరుసటి రోజే కొలాజెన్ చెప్పారు. మన ఎముకల్లో, చర్మంలో ఉండే ప్రోటీన్ అది, మూడు పోగులు కలిసి పేనుకుని ఉంటుంది, ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసీన్. ఈ మూడు పోగుల అమరికని మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో చెప్పారు. ఇప్పుడు ఒక కాపీ జీన్ చెడి ఒక గ్లైసీన్ స్థానంలో ఇంకోటి వచ్చిందనుకోండి, ఆ చెడ్డ పోగు మంచి పోగులతో కలిసి పేనుకుని మొత్తం తాడునే పాడు చేస్తుంది. ఎముకలు చిన్న దెబ్బకే విరిగే జబ్బు ఒకటి ఇలాగే వస్తుంది. అక్కడ చెడ్డ కాపీయే డామినెంట్. బఠానీలో ఒక మంచి కాపీ కాపాడింది, కొలాజెన్‌లో కాపాడలేకపోయింది, తేడా ఎక్కడుందంటే ఆ ప్రోటీన్ చేసే పనిలో ఉంది. ఇది ఆవిడ బోర్డు మీద రాయలేదు, పిల్లల చేతే అనిపించారు.

బ్లడ్ గ్రూపుల క్లాసు గురించి ప్రత్యేకంగా రాయాలి. ఏ, బీ, ఓ అనేవి రక్తంలో ఏవో మూడు రకాల రంగులు అన్నట్టు పట్టికలు వేయించి వదిలేస్తారు మామూలుగా. ఈవిడ చెప్పింది ఏమిటంటే, ఎర్ర రక్తకణం పైన ఒక చక్కెర గొలుసు ఉంటుంది, ఏ జీన్ ఇచ్చే ఎంజైమ్ ఆ గొలుసు చివర ఒక రకం చక్కెర తగిలిస్తుంది, బీ జీన్ ఇచ్చే ఎంజైమ్ ఇంకో రకం తగిలిస్తుంది. రెండూ ఉన్నవాళ్ళకి రెండూ తగులుతాయి, అందుకే ఏబీ. ఓ గ్రూపు ఎక్కువమందిలో ఎలా వచ్చిందంటే ఆ జీన్‌లో ఒకే ఒక్క అక్షరం ఎగిరిపోయింది. మూడేసి అక్షరాలుగా చదివే చోట ఒక అక్షరం పోతే అక్కడి నుంచి చదువు మొత్తం జరిగిపోతుంది కదా, ఎంజైమ్ పనికిరాకుండా పోతుంది, ఏ చక్కెరా తగలదు. ఫ్రేమ్‌షిఫ్ట్ మ్యుటేషన్ అని మా అమ్మాయి నోట్సులో నిర్వచనం ఎప్పటి నుంచో ఉంది, అది తన ఓ పాజిటివ్ కార్డులోనే ఉందని ఆ రోజు తెలిసింది.

ఈ పాఠంలోనే ఆవిడ మీద నాకు గౌరవం పెరిగిన విషయం ఇంకోటుంది. పిల్లల్ని ఇంట్లోవాళ్ళ బ్లడ్ గ్రూపులు అడిగి పట్టిక వేయించడం చాలాచోట్ల అలవాటు. ఆవిడ అది చేయరు. ఎవరింట్లో ఏముందో మనకి అనవసరం అని బోర్డు మీద ఊహించిన కుటుంబాలే వేశారు. పైగా 1952లో బొంబాయిలో మొదట గుర్తించిన బాంబే బ్లడ్ గ్రూపు గురించి చెప్పి, ఏ, బీ చక్కెరలు తగలడానికి ముందు కావలసిన గొలుసే వాళ్ళలో పూర్తవదని, మామూలు పరీక్షలో ఓ లాగా కనపడతారని, కాబట్టి గ్రూపులు చూసి ఎవరి పుట్టుక గురించీ మాట్లాడకూడదని గట్టిగా చెప్పారు. టీనేజి పిల్లలున్న క్లాసులో ఆ మాట చెప్పడం చాలా అవసరం.

కోడాన్ల పాఠం మామూలుగానే సాగింది, పిల్లలకి అప్పటికే వచ్చు. 64 కోడాన్లు, అందులో 61 అమైనో ఆమ్లాలకి, మూడు ఆపడానికి. హరగోవింద్ ఖొరానాకి 1968లో నోబెల్ వచ్చింది ఈ కోడ్ చదివినందుకే, నైరన్‌బర్గ్, హోలీలతో కలిపి. నాకు నచ్చింది ఏమిటంటే అమైనో ఆమ్లాన్ని దాన్ని మోసుకొచ్చే టీఆర్ఎన్ఏకి తగిలించడానికి కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చవుతుంది అని చెప్తూ, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1929లో ఫిస్కేతో కలిసి కండరాల్లో ఆ ఏటీపీని గుర్తించిన సంగతి, అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా గుర్తించిన సంగతి చెప్పడం. పిల్లల్లో సగం మందికి ఆయన పేరు మొదటిసారి వినడం, అది బాధ కలిగించే విషయం.

తర్వాత ప్రోటీన్ మడతలు. ఇక్కడ ఆవిడ ఒక తీగ, రంగురంగుల పూసలు ఇస్తారు, ఒక్కో పిల్లకి ఒకటి. నీటిని ఇష్టపడేవి ఒక రంగు, నూనెలా నీటికి దూరంగా పోయేవి ఒక రంగు, చార్జి ఉన్నవి ఇంకో రంగు. నీళ్ళలో ఉన్నట్టు ఊహించుకుని మీరే మడవండి అంటారు. ఎలా మడిచినా చివరికి నూనె పూసలు లోపలికి, నీటి పూసలు బయటికి వస్తాయి. ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ, క్వాటర్నరీ అని నాలుగు మెట్లు బట్టీ పట్టే బదులు చేత్తో మడిచారు. స్ప్రింగులా చుట్టుకునే ఆల్ఫా హెలిక్స్‌లో ఒక చుట్టుకి 3.6 అమైనో ఆమ్లాలు అనే అంకె అప్పుడే గుర్తుండిపోయింది. చివర్లో నలుగురు పిల్లల్ని కలిపి నాలుగు గొలుసుల హిమోగ్లోబిన్ చేయించారు, ఆల్ఫా రెండు, బీటా రెండు. అసలు హిమోగ్లోబిన్‌లో ఆల్ఫాకి 141, బీటాకి 146 అమైనో ఆమ్లాలు, మొత్తం 574, అన్ని పూసలు ఎక్కడ తెస్తాం, చిన్న గొలుసులతోనే చేశారు.

ఆ వెంటనే వంటింటి పాఠం. కోడిగుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది, మటన్‌లో పచ్చి బొప్పాయి ముక్క వేస్తే మెత్తగా ఉడుకుతుంది, రెండింటిలో ప్రోటీన్‌కి ఏమైంది అని అడిగారు. పిల్లలు రెండిటికీ డీనాచురేషన్, అంటే మడతలు విడిపోవడం, అన్నారు. కాదు. గుడ్డులో వేడికి మడతలు విడిపోయి గొలుసులు ఒకదానికొకటి చిక్కుపడ్డాయి, గొలుసు మాత్రం తెగలేదు. బొప్పాయిలో పపైన్ అనే ఎంజైమ్ ఉంది, అది అమైనో ఆమ్లాలని కలిపి ఉంచే పెప్టైడ్ బంధాలనే కోస్తుంది, అంటే గొలుసే ముక్కలవుతుంది. డీనాచురేషన్‌లో ప్రైమరీ స్ట్రక్చర్ (అమైనో ఆమ్లాల వరస) పోతుందా పోదా అనే బిట్ ఎన్ని పరీక్షల్లో వచ్చిందో పిల్లలకి తెలుసు, దాని వెనక ఉన్న తేడా ఇంత సులువుగా చెప్పొచ్చని నేను అనుకోలేదు. దానికే ఇంకో కొస, ఆన్‌ఫిన్‌సెన్ అనే ఆయన రైబోన్యూక్లియేజ్ అనే చిన్న ప్రోటీన్‌ని పూర్తిగా విప్పేసి, విప్పిన మందులు తీసేస్తే అది దానంతట అదే మళ్ళీ మడుచుకుని పనిచేసిందని చూపించారు, 1972లో నోబెల్ వచ్చింది. అంటే ఎలా మడవాలో ఆ గొలుసు వరసలోనే రాసుంది. ఉడికిన గుడ్డు వెనక్కి ఎందుకు రాదు అని ఒక అబ్బాయి అడిగాడు, మంచి ప్రశ్న, అన్ని గొలుసులు ఇరుకులో ఒకదాన్నొకటి పట్టుకున్నాక ఒంటరిగా మడుచుకునే వీలు ఎక్కడ ఉంటుంది అన్నారు.

అన్నంలో లైసీన్ తక్కువ, పప్పులో మెథియోనిన్ తక్కువ, కలిపి తింటే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది అని కూడా ఆ రోజే చెప్పారు. పెద్దవాళ్ళకి తిండి ద్వారానే రావలసిన అమైనో ఆమ్లాలు తొమ్మిది. మా ఇంట్లో ఆ రాత్రి ముద్దపప్పు గొడవ లేకుండా తినింది అమ్మాయి.

ఇక మిర్చి క్లాసు. నేను మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమాస్తాగా పనిచేస్తున్నా, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకాలు, తేజ రకం రేటు, తాలు (రంగు పోయిన కాయ) రేటు, ఇదే నా రోజు. తేజకి ఘాటు ఎక్కువ, బ్యాడిగి రకానికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ అని మాకు చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. అది ఎందుకో చెప్పినవాళ్ళు లేరు ఇన్నాళ్ళూ. మేడం చెప్పిన దాంట్లో మొదటి సంగతి, ఘాటు ఇచ్చే క్యాప్సైసిన్ ప్రోటీన్ కాదు. కాబట్టి క్యాప్సైసిన్‌కి నేరుగా జీన్ ఉండదు. జీన్ ఇచ్చేది ఎంజైమ్‌ని, ఆ ఎంజైమ్ క్యాప్సైసిన్‌ని తయారు చేస్తుంది. పన్1 అనే జీన్ ఇచ్చే ఎంజైమ్ ఆఖరి మెట్టులో రెండు ముక్కల్ని అతికిస్తుంది. మనం కూరల్లో వేసే బెంగళూరు మిర్చి కూడా అదే జాతి మొక్క, దానిలో ఆ జీన్ మొదటి భాగం పెద్ద ముక్క పోయింది, అతికించేవాళ్ళు లేరు, ఘాటు లేదు. కారం మిర్చిని బెంగళూరు మిర్చితో కలిపితే మొదటి తరం అన్నీ కారమే, రెండో తరంలో మూడు కారంవాటికి ఒకటి చప్పనిది. మెండల్ బఠానీ లెక్క మన గుంటూరు పంటలో.

అక్కడితో ఆపితే పాఠం తప్పుదారి పట్టేది, ఆపలేదు. కారం ఉందా లేదా అనేది ఒక జీన్ తేలుస్తుంది గానీ ఎంత కారం అనేది ఒక్క జీన్‌తో తేలదు, చాలా జీన్లు, నీటి ఎద్దడి, ఎండ, అన్నీ కలిసి తేలుస్తాయి. ఒకే విత్తనం వేసిన రెండు ఊళ్ళ సరుకు ఒకేలా ఉండదని యార్డులో అందరికీ తెలుసు. రంగు కూడా అంతే, ఎర్ర రంగుని తయారు చేసే ఎంజైమ్ జీన్ చెడితే కాయ పండినా పసుపు రంగులోనే ఉంటుంది, ఉన్న ఎరుపు ఎంత ముదురు అనేది మళ్ళీ చాలా జీన్ల లెక్క. మన గుంటూరు దగ్గర లాం ఫారంలో (వ్యవసాయ పరిశోధన కేంద్రం) 334 లాంటి మిర్చి రకాలు తీసినవాళ్ళు ఇన్ని తరాలు మొక్కల్ని ఏరుతూ కూర్చోవడం ఎందుకో నాకప్పుడు తెలిసింది. ఇంకో సంగతి, ఘాటు ఎక్కువ ఉండేది గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో. అదే మొక్క, అన్ని కణాల్లో అదే డీఎన్ఏ, అయినా ఆ జీన్ గట్టిగా పనిచేసేది ఆ ఈనెలోనే. జీన్ ఉండటం వేరు, జీన్ పనిచేయడం వేరు, అన్నారు. ఈ ఒక్క మాట కోసం నేను ఆ ఫీజు ఇస్తాను.

ఆ పాఠం రెండో సగం మన నాలుక మీద. క్యాప్సైసిన్ నోట్లో పడితే మంట ఎందుకు? మన నరాల చివర టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంది, దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకుంటుంది, కాలుతోంది అని మెదడుకి కబురు పోతుంది. క్యాప్సైసిన్ వెళ్ళి ఆ ప్రోటీన్‌లోనే ఒక చోట సరిగ్గా కూర్చుంటుంది, వేడి లేకుండానే అది తెరుచుకుంటుంది. దీన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. చిలకలు పండు మిరపకాయలు హాయిగా తింటాయి, రైతులు రోజూ చూసేదే. పక్షుల్లో కూడా ఆ ప్రోటీన్ ఉంది, కొన్ని అమైనో ఆమ్లాలు వేరు కాబట్టి క్యాప్సైసిన్ అక్కడ పనిచేయదు, వేడి మాత్రం తెలుస్తుంది. మొక్కలో ఒక ప్రోటీన్, నాలుక మీద ఇంకో ప్రోటీన్, మధ్యలో మన గుంటూరు కారం. మా అమ్మాయి ఆ రోజు ఇంటికొచ్చి వాళ్ళ నానమ్మకి గంటసేపు చెప్పింది.

సికిల్ సెల్ అనే రక్త జబ్బు పాఠం కొంచెం బరువైనది. హిమోగ్లోబిన్‌లో బీటా గ్లోబిన్ గొలుసులో ఆరో అమైనో ఆమ్లం గ్లుటమిక్ ఆమ్లం, దాని కోడాన్ జీఏజీ. మధ్యలో ఒక్క అక్షరం మారి జీటీజీ అయితే అక్కడ వేలీన్ వస్తుంది. నీటిని ఇష్టపడే చార్జి ఉన్న పూస పోయి నూనె రకం పూస బయటి వైపుకి వచ్చింది, పూసలు మడిచిన పిల్లలకి చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది తర్వాత ఏమవుతుందో. ఆక్సిజన్ వదిలినప్పుడు హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అంటుకుని బారులు కడతాయి, కణం కొడవలిలా వంగిపోతుంది. పాడేరు, అరకు వైపు గిరిజన కుటుంబాల్లో ఈ జబ్బు ఉంది, దీన్ని నిర్మూలించడానికి కేంద్రం 2023లో జాతీయ మిషన్ కూడా మొదలుపెట్టింది. ఒక చెడ్డ కాపీ మాత్రమే ఉన్న ఇద్దరు క్యారియర్లకి పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, మొదటి బిడ్డకి వచ్చింది కదా మిగతా ముగ్గురికీ రాదు అనుకోకూడదు, ప్రతి కాన్పుకీ లెక్క కొత్తగా మొదలవుతుంది. ఇది చదువుకున్నవాళ్ళకి కూడా తెలియని మాట.

దాని వెంబడే మేనరికం వచ్చింది, మన ఇళ్ళల్లో రాకుండా ఎలా ఉంటుంది. మేనమామని చేసుకుంటే పుట్టే బిడ్డలో ఏదైనా ఒక జీన్ రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవే అయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి, బావామరదళ్ళయితే పదహారింట ఒకటి. అందుకే దాగి ఉన్న రెసెసివ్ జబ్బులు బయటపడే అవకాశం పెరుగుతుంది. ఒక తల్లి, పాపం ఆవిడది మేనరికమే, కొంచెం నొచ్చుకున్నారు. మేడం ఆవిడతో, "జరిగిన పెళ్ళిళ్ళ గురించి కాదమ్మా, జరగబోయేవాటి గురించి పిల్లలకి లెక్క తెలియాలి, అవకాశం పెరుగుతుంది అంటే తప్పకుండా వస్తుంది అని కాదు" అని నెమ్మదిగా చెప్పారు. పాఠాన్ని మాత్రం తగ్గించలేదు. నా ఉద్దేశంలో అలాగే చెప్పాలి.

ప్రాక్టికల్ ఒకటే ఉంది, ఉల్లిపాయ నుంచి డీఎన్ఏ తీయడం. గిన్నెలు తోమే లిక్విడ్ కణం పొరల కొవ్వుని కరిగిస్తుంది, ఉప్పు డీఎన్ఏ మీద ఉన్న నెగటివ్ చార్జిని అణుస్తుంది, పైన చల్లటి స్పిరిట్ పోస్తే అందులో కరగక తెల్లగా దారాల్లా పైకి తేలుతుంది. బాగుంది, పిల్లలు ఫోటోలు తీసుకున్నారు. ఆఖరి వారం లాప్‌టాప్‌లో ఆల్ఫాఫోల్డ్ చూపించారు, అమైనో ఆమ్లాల వరస చూసి మడతని అంచనా వేసే కంప్యూటర్ ప్రోగ్రామ్, 20 కోట్లకి పైగా ప్రోటీన్ల ఆకారాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం దానికే. ఇది ఇంకాస్త సమయం ఇవ్వాల్సిన పాఠం, హడావుడిగా అయిపోయింది.

ఇప్పుడు నాకు నచ్చనివి. లింకేజ్ (ఒకే క్రోమోజోమ్ మీద ఉన్న జీన్లు కలిసి రావడం), క్రాసింగ్ ఓవర్ (అవి మధ్యలో విడిపోయి మారడం) లెక్కలు చాలా తక్కువ చెప్పారు. అవి పరీక్షల్లో వస్తాయి, పిల్లలకి టెన్షన్ కూడా వాటి మీదే, ఒక్క పూటలో ముగించేశారు. జీన్ల మధ్య దూరం చెప్పే మ్యాప్ యూనిట్ల లెక్కలు మా అమ్మాయి మళ్ళీ బయట ఇంకొకరి దగ్గర చేసుకోవాల్సి వచ్చింది. బాక్టీరియాలో జీన్లని ఆన్, ఆఫ్ చేసే లాక్ ఓపెరాన్ కూడా అంతే, జీన్ పనిచేయడం వేరు అని అంత బాగా మొదలుపెట్టి, ఆ స్విచ్ ఎలా పడుతుంది అనే చోట తొందర పడ్డారు. టెస్టులు లేవు. నోట్సు చేతిరాత జిరాక్సులు, మూడో జిరాక్సుకే అక్షరాలు చెదిరిపోయాయి, బొమ్మలైతే అసలు కనపడవు. ఎవరైనా పిల్లలు టైపు చేసి ఇస్తామంటే మేడం ఒప్పుకుంటారు అనుకుంటా, అడిగి చూడండి. మేడ మీద గది రేకులది, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బ్యాచ్ పిల్లలకి నరకం, రెండు ఫ్యాన్లు చాలవు. ఉదయం బ్యాచ్ దొరికితేనే చేర్పించండి. సందులో బండ్లు పెట్టుకోవడానికి చోటు తక్కువ. బ్యాచ్‌లో పిల్లల సంఖ్య కూడా మధ్యలో పెరిగింది, ఎవరు అడిగినా కాదనలేక చేర్చుకుంటున్నారు, దానివల్ల పూసల తీగలు ఇద్దరికి ఒకటి అయ్యాయి. చేత్తో మడిస్తేనే ఆ పాఠానికి విలువ, కాబట్టి ఈ ఒక్కటి మాత్రం ఆవిడ సరిచేసుకోవాలి, నేను నేరుగా కూడా చెప్పాను.

ఫీజు బ్యాచ్ మొత్తానికి మూడు వేలు, ఒకేసారి ఇవ్వక్కర్లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు కూడా ఇబ్బంది పడరు, ప్రతి పదం రెండు భాషల్లో చెప్తారు. డిగ్రీ బయోటెక్నాలజీ చదివే అమ్మాయిలు ఇద్దరు కూడా వచ్చారు మా బ్యాచ్‌కి, వాళ్ళకీ పనికొచ్చింది అన్నారు. మార్కుల సంగతి అడుగుతారని తెలుసు. మా అమ్మాయికి కాలేజీ టెస్టుల్లో జెనెటిక్స్ మార్కులు పెరిగాయి, అంతకంటే ముఖ్యంగా తప్పు రాసిన బిట్ దగ్గర ఎందుకు తప్పో తనే చెప్పగలుగుతోంది, ఇదివరకు కీ చూసి టిక్కు మార్చుకోవడమే ఉండేది.

పదో తరగతి పిల్లల్ని తీసుకెళ్ళొద్దు, వాళ్ళకి ఇది ఎక్కువవుతుంది. సెకండియర్ మొదట్లో పంపడం అన్నిటికంటే మంచిది, పరీక్షల ముందు పంపితే రెండు చోట్లా నష్టమే. చేర్పించే ముందు ఫస్టియర్ బయోమాలిక్యూల్స్ చాప్టర్ ఒక్కసారి చదివించండి, ఆవిడ మొదటి రోజు నుంచే గ్లైసీన్, వేలీన్ అంటూ పేర్లు వాడేస్తారు, తెలియని పిల్లలు మొదటి వారం వెనకబడతారు. లింకేజ్‌కి ఇంకో రెండు క్లాసులు పెట్టమని మా బ్యాచ్ తల్లిదండ్రులం కలిసి అడిగాం, వచ్చే బ్యాచ్ నుంచి చూస్తానన్నారు, చేరేటప్పుడు మీరు కూడా ఒకసారి గుర్తు చేయండి.